హెపటైటిస్ బీ, సీ ఉన్నవాళ్లకి ఏఎఫ్‌పీ (కాలేయ క్యాన్సర్ అనుమానానికి చేసే రక్తపరీక్ష) ఒక్కటి చూస్తే సరిపోద్దా?

సోంపేట_ఎంఎల్‌హెచ్‌పీ

విలేజ్ హెల్త్ క్లినిక్ ఫాలోఅప్‌లో ఉన్న ముగ్గురి రిపోర్టులివి. పేర్లు తీసేశాను.

ఒకటి: 46 ఏళ్ల మగ మనిషి, హెపటైటిస్ బీ. ఎస్‌జీఓటీ 58, ఎస్‌జీపీటీ 64 (కాలేయం దెబ్బతింటే పెరిగే ఎంజైములు), ప్లేట్‌లెట్లు 1.42 లక్షలు. ఏఎఫ్‌పీ పోయినసారి పలాసలో 5.6, ఇప్పుడు శ్రీకాకుళంలో 6.8. పెరిగిపోతోందని ఇంట్లోవాళ్లు బెంగ పెట్టుకున్నారు.

రెండు: 52 ఏళ్ల ఆవిడ, సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం). హెపటైటిస్ సీకి 12 వారాల మందు వాడారు, వైరస్ పోయింది. ఏఎఫ్‌పీ 4. ఇంక పరీక్షలెందుకు అంటున్నారు. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) 1.9.

మూడు: 29 ఏళ్ల కుర్రాడు, హెపటైటిస్ బీ, హెచ్‌బీఈఏజీ (వైరస్ జోరుగా పెరుగుతోందని చెప్పే గుర్తు) పాజిటివ్. ఎస్‌జీపీటీ 310, ఏఎఫ్‌పీ 86. ఫోన్లో వెతికి క్యాన్సరే అని తేల్చేసుకున్నారు.

వీటికి తోడు ఒక ల్యాబ్ ఏజెంటు ‘లివర్ క్యాన్సర్ ప్యాకేజీ’ అని ఏఎఫ్‌పీ, ఏఎఫ్‌పీ-ఎల్3, పివ్‌కా-2 అనే రక్తపరీక్షలు కలిపి అమ్ముతున్నాడు. చేయించుకోమనాలా, వద్దనాలా? ఏ పరీక్ష దేనికి పనికొస్తుందో, ఎంత దాటితే పైకి పంపాలో విడమరిచి చెప్పండి.

కాలేయం_ఓపీ

మీరు రెండు ప్రశ్నలని ఒక మూట కట్టేశారు. ఈ మనిషికి ముందుముందు క్యాన్సర్ వచ్చే ముప్పు ఎంత అన్నది ఒకటి, ఇప్పుడు కాలేయంలో గడ్డ ఉందా అన్నది ఇంకోటి. ఏఎఫ్‌పీ చెప్పేది రెండో దానికి జవాబు, అదీ అరకొరగా. మొదటి దానికి జవాబు చాలావరకు మీ దగ్గరున్న సీబీపీ (రక్తకణాల లెక్క) కాగితంలోనే ఉంది.

కాలేయం గట్టిపడే కొద్దీ ప్లీహం పెరుగుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అందుకే హెపటైటిస్ బీకి వాడే పేజ్-బి స్కోరులో వయసు, ఆడా మగా, ప్లేట్‌లెట్లు, ఈ మూడే ఉంటాయి. వయసుకి 30 లోపు సున్నా, ముప్పైల్లో 2, నలభైల్లో 4, యాభైల్లో 6, అరవైల్లో 8, 70 దాటితే 10. మగవాళ్లకి 6. ప్లేట్‌లెట్లు 2 లక్షలు, ఆపైన ఉంటే సున్నా, లక్షకీ రెండు లక్షలకీ మధ్య 6, లక్ష లోపు 9. మొత్తం 9, అంతకన్నా తక్కువైతే ముప్పు బాగా తక్కువ, 10 నుంచి 17 మధ్యస్థం, 18, ఆపైన ఎక్కువ. మీ మొదటి మనిషికి 4, 6, 6 కలిపి 16. ఇది మందు వాడుతున్న తెల్లవాళ్ల మీద కట్టిన లెక్క. ఆసియా వాళ్ల కోసం కొరియాలో ఆల్బుమిన్ కూడా చేర్చి సవరించారు. ఆల్బుమిన్ ఎలాగూ ఎల్‌ఎఫ్‌టీలో (కాలేయ పరీక్షల్లో) వస్తుంది కాబట్టి దాన్ని రాసి పెట్టుకోండి.

రెండోది ఫిబ్-4, కాలేయంలో మచ్చ ఎంతుందో అంచనా వేసే లెక్క. వయసుని ఎస్‌జీఓటీతో గుణించాలి. దాన్ని ప్లేట్‌లెట్లు గుణించు ఎస్‌జీపీటీ వర్గమూలంతో భాగించాలి. ఇక్కడే అందరూ తప్పుతారు: ప్లేట్‌లెట్లని లక్షల్లో కాకుండా వేలల్లో వెయ్యాలి. 1.42 లక్షలంటే 142. ఇతనికి పైన 46×58 అంటే 2668, కింద 142×8 అంటే 1136. వచ్చేది 2.35. 1.45 లోపుంటే ముదిరిన ఫైబ్రోసిస్ (కాలేయంలో మచ్చ) ఉండే అవకాశం తక్కువ, 3.25 దాటితే ఎక్కువ. మధ్యలో పడ్డాడు కాబట్టి ఫైబ్రోస్కాన్‌కి (కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) పంపండి. 35 లోపు వాళ్లకి ఈ లెక్క నమ్మకం లేదు, 65 దాటినవాళ్లకి ఊరికే ఎక్కువ చూపిస్తుంది.

హెపటైటిస్ బీలో మూడో ముక్క వైరల్ లోడ్, అంటే రక్తంలో ఎంత వైరస్ ఉందన్నది. తైవాన్‌లో వేలమందిని ఏళ్ల తరబడి వెంబడించి 2006లో వెలువరించిన అధ్యయనంలో, ఎంఎల్‌కి 10,000 కాపీలు, అంటే సుమారు 2,000 ఐయూ దాటిన దగ్గర్నుంచి క్యాన్సర్ ముప్పు మెట్లు మెట్లుగా పెరిగింది. ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉన్నవాళ్లలో కూడా. ఇతనికి డీఎన్ఏ (వైరల్ లోడ్) పరీక్ష చేయించారా? టెనోఫోవిర్ (హెపటైటిస్ బీ వైరస్‌ని అణిచే మందు) మీద ఉన్నాడా? రెండూ రాయలేదు మీరు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో పరీక్షా మందూ ఉచితమే. మందు ముప్పుని తగ్గిస్తుంది గానీ తుడిచెయ్యదు.

ఇక గడ్డ సంగతి. సిర్రోసిస్ ఉన్న ప్రతి ఒక్కరికీ, సిర్రోసిస్ లేకపోయినా హెపటైటిస్ బీ ఉండి 40 దాటిన మగవాళ్లకీ, 50 దాటిన ఆడవాళ్లకీ, తల్లిదండ్రుల్లోనో తోడబుట్టినవాళ్లలోనో కాలేయ క్యాన్సర్ ఉన్నవాళ్లకీ ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ. రెండూ కలిపే. 2018లో 32 అధ్యయనాలని కలిపి చూస్తే, సిర్రోసిస్ ఉన్నవాళ్లలో తొలిదశ క్యాన్సర్‌ని ఒక్క స్కాన్ 45 శాతం పట్టింది, ఏఎఫ్‌పీ తోడైతే 63 శాతం. ఏఎఫ్‌పీ నార్మల్ అని స్కాన్ మానేస్తే మోసపోయేది అందుకే. చిన్న గడ్డలు చాలావరకు ఏఎఫ్‌పీని కదిలించవు.

ఏఎఫ్‌పీ 20 నానోగ్రాములు దాటినా, దాటకపోయినా వరసగా పెరుగుతున్నా, స్కాన్‌లో సెంటీమీటరు, ఆపైన గడ్డ కనపడినా ట్రిపుల్ ఫేజ్ సీటీ (రంగు మందు ఎక్కించి మూడు దశల్లో తీసే స్కాన్) లేదా ఎంఆర్ఐ. సెంటీమీటరు లోపుంటే మూడు నెలల్లో మళ్లీ స్కాన్, ఏఎఫ్‌పీ.

రెండో ఆవిడ సంగతి వేరే చెప్పాలా? వైరస్ పోయినా సిర్రోసిస్ పోలేదు. ఆరు నెలల లైన్‌లోనే ఉండాలి.

విజయనగరం_పాథాలజీ

మొదటి మనిషి ఏఎఫ్‌పీ అసలు పెరిగిందో లేదో ముందు చూడండి. రిపోర్టులో అంకె పక్కన యూనిట్ ఏముంది? కొన్ని ల్యాబులు ఐయూలో ఇస్తాయి, కొన్ని నానోగ్రాముల్లో. ఒక ఐయూ అంటే 1.21 నానోగ్రాములు. 5.6 ఐయూ అయితే అదే 6.8 నానోగ్రాములు. యూనిట్ ఒకటే అయినా మెషీన్ మారితే కాస్త తేడా వస్తుంది. ఒకే ల్యాబ్‌లో చేయిస్తేనే పెరిగిందో లేదో తెలుస్తుంది.

జుట్టు రాలకుండా అని మెడికల్ షాపుల్లో అమ్మే బయోటిన్ మాత్రలు 5, 10 మిల్లీగ్రాములవి ఉంటాయి. కొన్ని మెషీన్లలో అవి ఏఎఫ్‌పీని తక్కువ చేసి చూపిస్తాయి. తక్కువ వస్తే ఎవరికీ అనుమానం రాదు, అదీ గొడవ. వాడుతుంటే రెండు రోజులు ఆపించి రక్తం తీయండి.

ప్లేట్‌లెట్ల మీద ఇంత లెక్క కడుతున్నప్పుడు ఆ అంకె నిజమైనదే అయ్యుండాలి. ఊదా రంగు మూత ట్యూబులో కొంతమంది ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి, మెషీన్ లక్ష లోపు చూపిస్తుంది. స్మియర్ (గాజు పలక మీద పరిచిన రక్తం) అంచున చూస్తే గుంపులు కనపడతాయి. అప్పుడు నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీసి, వచ్చినదాన్ని 1.1తో గుణించాలి. డెంగీ, మలేరియా రోజుల్లో తీసిన సీబీపీతో పేజ్-బి కట్టొద్దు, జ్వరం తగ్గాక మూడు వారాలకి మళ్లీ తీయండి. రక్తం చిట్లిన శాంపిల్‌లో ఎస్‌జీఓటీ పెరుగుతుంది, దాంతో ఫిబ్-4 కూడా.

ప్యాకేజీ గురించి: పివ్‌కా-2 పనికిరానిది కాదు. ఏఎఫ్‌పీ కదలని గడ్డల్లో కొన్నింటిలో అది పెరుగుతుంది. కానీ గుండె కవాటాల ఆపరేషన్ అయి అసిట్రోమ్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్లకి, పిత్తనాళం మూసుకుని కామెర్లు వచ్చినవాళ్లకి, విటమిన్ కె తగ్గినవాళ్లకి గడ్డ లేకపోయినా పెరిగి కూర్చుంటుంది. ఏఎఫ్‌పీ-ఎల్3 అంటే మొత్తం ఏఎఫ్‌పీలో ఒక రకం వాటా. 10 శాతం దాటితే అనుమానించాలి. ఈ రెండూ స్కాన్‌కి బదులు కావు. చేతిలో ఉన్నది ఒక పరీక్షకి సరిపడా డబ్బే అయితే అల్ట్రాసౌండ్ చేయించమనండి.

పలాస_ఫిజీషియన్

మూడో కుర్రాడి సంగతి తొందరగా చూడండి. క్యాన్సర్ అని కాదు. ఎస్‌జీపీటీ 310 అంటే కాలేయం మంట మీదుంది. దెబ్బతిన్న కణాలు మళ్లీ పుట్టేటప్పుడు ఏఎఫ్‌పీ దానంతటదే పెరుగుతుంది, 86 అలా రావొచ్చు. ఈ వారంలోనే బిలిరుబిన్, పీటీ ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పరీక్ష), డీఎన్ఏ, అల్ట్రాసౌండ్. పసరు మందేమైనా తాగాడా అని గట్టిగా అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు. కళ్లు పచ్చబడి ఐఎన్ఆర్ 1.5 దాటితే ఆ రోజే పెద్దాసుపత్రికి పంపాలి.

స్కాన్ శుభ్రంగా ఉంటే మందు మొదలుపెట్టాక నాలుగు నుంచి ఆరు వారాలకి ఎస్‌జీపీటీ, ఏఎఫ్‌పీ రెండూ ఒకే రోజు తీయండి. రెండూ కలిసి దిగుతుంటే అది మంటే. ఎస్‌జీపీటీ దిగి ఏఎఫ్‌పీ దిగకపోయినా, ఎక్కినా సీటీ. కుర్రాళ్లలో స్కాన్, ఎస్‌జీపీటీ రెండూ బాగుండి ఏఎఫ్‌పీ ఒక్కటే ఎక్కువుంటే వృషణాలు కూడా పరీక్షించాలి, ఆ గడ్డల్లోనూ పెరుగుతుంది. ఆడవాళ్లయితే గర్భం ఉందేమో చూడాలి.

ఇంకో ముక్క, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానం వాళ్ల కోసం. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో, ముఖ్యంగా డయాలసిస్ మీదున్నవాళ్లలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ మామూలుగానే తక్కువ వస్తాయి. 30 అని చూసి కాలేయం బాగుంది అనుకోవద్దు, ఫిబ్-4 కూడా వాళ్లలో తక్కువ చూపించొచ్చు. మామూలు టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాముల మాత్ర కిడ్నీకి బరువు. క్రియాటినిన్ చూడకుండా మొదలుపెట్టకూడదు. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత శక్తి) తక్కువైతే టీఏఎఫ్ (టెనోఫోవిర్‌లోనే ఇంకో రకం) 25 మిల్లీగ్రాములు, లేదా మోతాదు తగ్గించిన ఎంటెకవిర్, డాక్టరు నిర్ణయిస్తారు.

సోంపేట_ఎంఎల్‌హెచ్‌పీ

పలాస రిపోర్టు తీసి చూశాను, ఐయూ అనే ఉంది! మొదటి మనిషికి డీఎన్ఏ చేయించలేదు, మందూ లేదు, పంపిస్తాను. రెండో ఆవిడకి రేపు సీటీ అవసరమైతే క్రియాటినిన్ 1.9తో ఇంజెక్షన్ సీటీ చేస్తారా?

పలాస_ఫిజీషియన్

1.9తో 52 ఏళ్ల ఆవిడకి ఈజీఎఫ్ఆర్ 30 చుట్టుపక్కల ఉంటుంది. గడ్డ అనుమానం గట్టిగా ఉంటే కిడ్నీ భయంతో సీటీ ఆపరు. ముందు నీళ్లెక్కించి, నొప్పి మాత్రలు ఆపించి చేస్తారు, లేదా ఎంఆర్ఐకి మారుస్తారు. రిఫరల్ చీటీ మీద క్రియాటినిన్, తేదీ పైనే కనపడేలా రాయండి. మొదటి మనిషికి ఎస్‌జీపీటీ పెరిగుంది, ఎస్‌జీఓటీ ప్లేట్‌లెట్లతో ఏప్రి (కాలేయంలో మచ్చని అంచనా వేసే ఇంకో లెక్క) కడితే 1 దాటుతోంది. 2024 డబ్ల్యూహెచ్‌వో సూచనల్లో మందు మొదలుపెట్టడానికి 0.5 దాటితే చాలు. డీఎన్ఏ రిపోర్టు వచ్చేదాకా ఊళ్లోనే కూర్చోబెట్టకండి, శాంపిల్ ఇచ్చిన రోజే డాక్టరుకి చూపించండి.

విజయనగరం_పాథాలజీ

రిజిస్టర్‌లో ఏఎఫ్‌పీ గడి పక్కన ఇంకో మూడు గడులు గీయండి: యూనిట్, ల్యాబ్ పేరు, అదే రోజు ఎస్‌జీపీటీ. ఆ పక్కన వచ్చే స్కాన్ తేదీ.