ఈ.కోలై గ్రాఫ్‌లో గీత మధ్యలో పడుకుంది. చెరిపెయ్యాలా?

బరంపురం పిల్ల:
నమస్తే. బరంపురంలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, మొదటి ఏడు. క్లాసు ఇంగ్లీషు, కబుర్లు ఒడియా, బుర్రకెక్కేది మాత్రం తెలుగు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

మొన్న ఎం9 అనే ఉప్పుల ద్రావణంలో 0.05 శాతం గ్లూకోజ్, 0.15 శాతం లాక్టోజ్ వేసి ఈ.కోలై బాక్టీరియా పెంచాం. పావుగంటకోసారి ఓడీ, అంటే ద్రావణం ఎంత మసకబారిందో చూశా. బాక్టీరియా పెరిగితే అదీ పెరుగుతుంది. 0.54 దాకా బాగానే ఎక్కింది. తర్వాత 0.55, 0.55, 0.56. ఇంక చచ్చాయిలే అనుకుంటుంటే మళ్లీ లేచింది. మా సార్ "కరెంటు పోయుంటుంది, ఆ చుక్కలు తీసేసి గీత కలిపెయ్" అన్నారు. ఆ రోజు నిజంగానే ఓసారి పోయింది, ఎంతసేపో చూసుకోలేదు.

ఇంకో డౌటు. లాక్టోజ్ కణం లోపలికి రావాలంటే పర్మియేజ్, అదే కణం పొరలో తలుపులాంటి ప్రోటీన్, ఉండాలి. పర్మియేజ్ తయారవ్వాలంటే లాక్టోజ్ లోపలికి రావాలి. మరి మొదటి అణువుకి తలుపు తీసిందెవరు?

గుణుపురం కుర్రాడు:
రికార్డులో సంతకం కావాలంటే కలిపెయ్. మేమూ అదే చేశాం.

పర్లాకిమిడి మాస్టారు:
అమ్మా, చుక్కలు తీయకు. ముప్పయ్యేళ్లు ప్రాక్టికల్స్ చేయించాను, ఇంత శుభ్రంగా నలుగురైదుగురికే వచ్చింది. 1940ల మొదట్లో పారిస్‌లో ఝాక్ మోనో అనే శాస్త్రవేత్త చూసింది ఇదే.

గ్లూకోజ్ వండిన అన్నం, లాక్టోజ్ జీడిపిక్క. అన్నం ఎదురుగా ఉండగా పిక్కలు కాల్చి కొట్టుకునేదెవరు? బాక్టీరియాకి బుర్ర లేదు గానీ గ్లూకోజ్ వచ్చే దారిలోనే లెక్క ఉంది. లోపలికొచ్చే ప్రతి గ్లూకోజ్‌కీ ఓ ఫాస్ఫేట్ తగులుతుంది. ఆ ఫాస్ఫేట్‌ని చేతులు మార్చే వరసలో ఐఐఏ అని ఓ ప్రోటీన్. గ్లూకోజ్ వస్తున్నంతసేపూ అందుకున్నది అందుకున్నట్టు ఇచ్చేస్తుంది, చెయ్యి ఖాళీ. ఆ ఖాళీ చేత్తోనే పోయి లాక్టోజ్ పర్మియేజ్‌ని పట్టుకుంటుంది, కదలనివ్వదు. గ్లూకోజ్ అయిపోతే ఫాస్ఫేట్ చేతిలోనే మిగులుతుంది, పర్మియేజ్‌ని వదిలేస్తుంది. దానికి తెలియడమంటే అంతే.

ఇక నీ తలుపు. పర్మియేజ్ వగైరా తయారుచేయించేవి లాక్ జీన్లు. వాటి మీద కూర్చుని పలకనివ్వని ప్రోటీన్ రిప్రెసర్, కణానికి పదింటికి అటూ ఇటూ. బంకతో అతికించినట్టు కూర్చోదు, అప్పుడప్పుడూ లేస్తుంది. ఆ సందులో ఒకటో రెండో పర్మియేజ్‌లు, లాక్టోజ్‌ని కోసే బీటా గాలక్టోసిడేజ్ ఎంజైమ్ కాస్త తయారైపోతాయి. దూరిన లాక్టోజ్‌లో కొంత అల్లోలాక్టోజ్‌గా మారి రిప్రెసర్‌ని లేపేస్తుంది. ఇక ఎంజైమ్ వెయ్యి రెట్లు. ఆ తయారీకి పట్టిన టైమే నీ మూడు చుక్కలు.

కరెంటు సంగతి తేల్చాలంటే రెండు ఫ్లాస్కులు పెట్టు. ఒకటి పాతదే, రెండోదాంట్లో గ్లూకోజ్ 0.1. గీత పడుకునే చోటు దాదాపు రెట్టింపు ఎత్తుకి జరగాలి. కరెంటుకి నువ్వెంత గ్లూకోజ్ వేశావో తెలీదు కదా! 0.6 దాటాక డైల్యూట్ చేసి చదువు, లేకపోతే మీటరు తక్కువ చూపిస్తుంది.

జయపురం:
మాస్టారూ, మాకు సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు వల్ల అని చెప్పారే? గ్లూకోజ్ ఉంటే అది తగ్గుతుంది, అందుకే జీన్ పలకదని.

పర్లాకిమిడి మాస్టారు:
అబద్ధం కాదు నాయనా, సగం. ఫాస్ఫేట్ పట్టుకున్న ఐఐఏ సైక్లిక్ ఏఎంపీ తయారీని ఎగదోస్తుంది. అది సీఆర్‌పీ అనే ప్రోటీన్‌తో కలిసి, జీన్‌ని చదివే పాలిమరేజ్‌ని కుదురుగా కూర్చోబెడుతుంది. అది లేకపోతే లాక్ జీన్లు గట్టిగా పలకవు. కానీ రెండు చక్కెరలూ కలిసున్నప్పుడు అసలు అడ్డు తలుపు దగ్గరేనని 1990ల్లో జపాన్‌లో తేల్చారు. రిప్రెసర్‌ని లేపే ఐపీటీజీ అనే రసాయనానికి ఆ తలుపుతో పనిలేదు. అది వేస్తే గ్లూకోజ్ ఉన్నా ఎంజైమ్ వచ్చేసింది. పాఠ్యపుస్తకాలు మారడానికి మాత్రం తీరిక దొరకలేదు.

బరంపురం పిల్ల:
పెట్టాను మాస్టారూ. ఈసారీ కరెంటు పోయింది, పది నిమిషాలు, రాసుకున్నా. పాత ఫ్లాస్కు 0.56 దగ్గర ఆగింది, 0.1 వేసింది 1.07 దాకా ఆగలేదు. సార్ రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. "మొన్నటి చుక్కలు చెరిపేశావా?" అని అడిగారు. పెన్సిల్ గట్టిగా నొక్కి రాసే అలవాటు నాది. అచ్చు ఇంకా కనబడుతోంది.