పిల్లల యూనివర్సిటీ ఖర్చు మధ్యతరగతి వాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారు?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి వచ్చే ఏడాది యూనివర్సిటీలో చేరాలి. సీటు వస్తుందన్న నమ్మకం ఉంది, టెన్షనంతా డబ్బు గురించే. మా ఆదాయం స్కాలర్‌షిప్ పరిమితి కంటే కాస్త ఎక్కువ. అలాగని మొత్తం ఫీజు చేతి నుంచి కట్టే స్తోమతా లేదు.

చాలా ఎడ్యుకేషన్ లోన్లలో చదువు పూర్తయ్యేదాకా కిస్తీ కట్టక్కర్లేదు గానీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, చివరికి అది అసలులో కలుస్తుంది. ఆ వడ్డీని నెలనెలా కట్టేస్తే తర్వాత భారం బాగా తగ్గుతుందని లెక్కేసి చూశాను. మీలో ఎవరైనా అలా కట్టారా? ఇంటి ఖర్చుల మధ్య కుదిరిందా?

మా ఆయన రిటైర్మెంట్ కోసం దాచింది తీసేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. చదువుకైతే అప్పు పుడుతుంది, రేపు ముసలితనంలో మాకెవరిస్తారు?

పైగా హాస్టల్, పుస్తకాలు, ల్యాప్‌టాప్, రాకపోకలు. వీటికి ఎలా సర్దుకున్నారు? ఫీజు వాయిదాల్లో కడతామని అడిగితే యూనివర్సిటీ వాళ్ళు ఒప్పుకున్నారా? మా బాబు చదువు కూడా దగ్గరపడుతోంది, అందుకే ఉన్నదంతా ఒక్కరికే పెట్టలేం. ఇద్దరు పిల్లల్ని చదివించిన వాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.