లాకర్ చెట్టు చేవలో దొరికిన ఫిసెటిన్ సహజమైనదేనా?

సహజ రసాయనాలపై పనిచేసిన పెద్దలకు నమస్కారం. కొరియన్లు 'ఒన్నము' అని పిలుచుకుంటూ, సంప్రదాయ వైద్యంలోనూ కోడికూరలోనూ వాడే లాకర్ చెట్టు చేవ నుంచి యాంటీ ఆక్సిడెంట్లను వేరుచేస్తున్నాను. మన నల్లజీడి రసంలాగే ఒంటిని పొక్కించే ఉరుషియాల్‌ను ముందుగా హెక్సేన్‌తో తొలగించి (తొడుగుల్లేకుండా ముట్టుకున్నందుకు నా మణికట్టు వారంపాటు దురద పెట్టింది, లాకర్, నల్లజీడి రెండూ ఒకే కుటుంబపు చెట్లు మరి), మిగిలిన ఇథనాల్ సారంలోని ఇథైల్ ఎసిటేట్ భాగాన్ని మిశ్రమాన్ని విడదీసే సిలికా కాలమ్‌పై నడిపితే ఫస్టిన్, ఫిసెటిన్, సల్ఫ్యూరెటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్లు లభించాయి. ఫిసెటిన్ చుక్క పడగానే యాంటీ ఆక్సిడెంట్ శక్తిని పరీక్షించే ఊదారంగు డీపీపీహెచ్ ద్రావణం పసుపుకు తిరుగుతోంది.

నా సందేహమల్లా ఒక్కటే. ఫస్టిన్‌కూ ఫిసెటిన్‌కూ తేడా రెండు హైడ్రోజన్ పరమాణువులే (అణుభారాలు 288, 286) కాబట్టి, 60 డిగ్రీల వద్ద సారాన్ని చిక్కబరిచేటప్పుడు గాలి తగిలి కొంత ఫస్టిన్ ఫిసెటిన్‌గా మారి ఉండవచ్చు. దీన్ని తేల్చడానికి చేవను చల్లగా, నైట్రోజన్ కింద మళ్లీ నానబెట్టి పోల్చితే చాలునా, లేక శుద్ధమైన ఫస్టిన్‌ను విడిగా అదే వేడికి గురిచేసి, పదార్థాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీలో చూడక తప్పదా? అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.