క్లౌన్ చేప పిల్లలకి మొదటిరోజు మేత: రోటిఫర్ తప్పదా, హేచరీ ఆర్టీమియాతో సరిపెట్టొచ్చా?

కావలి_కుర్రోడు: నా ఒసెల్లారిస్ క్లౌన్ చేపల జత టైలు వెనక గుడ్లు పెట్టింది. నారింజ రంగు తగ్గి లోపల కళ్ళు కనబడతన్నాయి. రొయ్యల హేచరీలో చేసే మా మామ ఆర్టీమియా నాప్లి (ఉప్పునీటి బుల్లి రొయ్యల పిల్లలు), సముద్రపు నీళ్ళు రెండూ ఇస్తానంటున్నాడు. ఇంక రోటిఫర్లనే ఆ సన్న నీటి జీవుల్ని పెంచే తంటా ఎందుకు? చెప్పండన్నా.

రోటిఫర్_సుబ్బు (ఒంగోలు): తంటా తప్పదు తమ్ముడూ. పుట్టిన పిల్లే 3, 4 మిల్లీమీటర్లు, దాని నోరెంతుంటదో చూసుకో. నాప్లి దాదాపు అర మిల్లీమీటరు, రోటిఫర్ మామూలుగా 0.3 దాటదు. పాలు తాగే బిడ్డకి చెగోడీ పెడతావా? మొదటి వారం మిల్లీలీటరుకి 10 రోటిఫర్లు తగ్గకూడదు, నీళ్ళు ఆల్గేతో (సన్న నాచు) లేత పచ్చగా ఉండాలి. నాప్లి అయిదారు రోజుల తర్వాత కొంచెం కొంచెం కలుపు.

మైపాడు_అల: తొలి ఈత గుడ్లు చాలాసార్లు మగదే తినేస్తది. పొదిగే దాకా వస్తే లైటార్పిన గంట రెండు గంటల్లో పగుల్తాయి, రాత్రి మేలుకో.

హేచరీ_బాబాయ్: సుబ్బూ, పుస్తకం లెక్కలు కుర్రోడికెందుకు? అప్పుడే పగిలిన నాప్లిని గట్టి పిల్లలు మింగుతాయి, నా తొట్లలో రోజూ చూస్తన్నా. బలం లేనివి నువ్వు ఏం పెట్టినా పోతాయి.

రోటిఫర్_సుబ్బు: మింగినా ఒంటికి పట్టాలిగా. పిల్లలు ఎదగటానికి కావాల్సిన డీహెచ్‌ఏ కొవ్వు నాప్లిలో ఉండదు బాబాయ్.

హేచరీ_బాబాయ్: నువ్వు రోటిఫర్‌కి పోసే నానోక్లోరాప్సిస్ ఆల్గేలో మాత్రం ఏడుందయ్యా? దాంట్లో ఉండేది ఈపీఏ, అది వేరే కొవ్వు. ఆల్గే సంగతి హేచరీవాళ్ళకి నేర్పబాక.

రోటిఫర్_సుబ్బు: అందుకే డీహెచ్‌ఏ ఉండే ఐసోక్రైసిస్ ఆల్గే కలుపుతా. నువ్వేం కలుపుతావు?

చీరాల_చేప: మేత సరే, ఆ హేచరీ నీళ్ళ సంగతేంది? బ్లీచింగ్, దాని క్లోరిన్ పోగొట్టే థయోసల్ఫేట్, ఈడీటీఏ అన్నీ పోస్తారుగా.

హేచరీ_బాబాయ్: క్లోరిన్ పోయిందో లేదో టెస్ట్ చేశాకే వాడతాం. లక్షల రొయ్య పిల్లలు బతికే నీళ్ళలో నీ చేప చస్తదా? అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలకి మన తీరంలో ఉప్పు పడిపోద్ది, అది చూసుకో చాలు.

చీరాల_చేప: ఈడీటీఏ గురించి చెప్పలా.

హేచరీ_బాబాయ్: నీళ్ళలో లోహాలుంటే పట్టేస్తది. ఇంకేం కావాల?

దర్గామిట్ట_ట్యాంక్: ఇదంతా వదలండి. నెల్లూరులో ఒక షాపులో క్లౌన్ జత కొన్నా. ఇంటికి తెచ్చాక చూస్తే ఒకదానికి మొప్పల మూత సగమే, లోపల ఎర్రగా బయటికి కనబడతంది. ఎండాకాలం కరెంటు పోయిన రాత్రి ముందు పోయింది అదే. షాపాయన్ని అడిగితే, సముద్రం పక్క హేచరీ నుంచి వచ్చిన సరుకు, తక్కువకి ఇచ్చాగా అన్నాడు.

రోటిఫర్_సుబ్బు: పిల్లప్పుడు మేత చాలకపోతే మూత అట్టా పొట్టిగా తయారవుద్ది. బాబాయ్, ఆ సరుకు ఎవరిదో నువ్వే చెప్పు.

హేచరీ_బాబాయ్: డొంకతిరుగుడెందుకు, నేనూ షాపులకి ఇస్తన్నా. ఆ చేప నాదో కాదో నాకేం తెలుసు? మూత పొట్టిదైనా తింటది, తిరగతది. రొయ్య సీడ్ (పిల్లల) ఆర్డర్లు లేని నెలల్లో మాకు సగం జీతం. తొట్టిలో సగం ఏరి పారబోసి ఇంటికి ఉత్తచేతుల్తో పోమంటావా?

రోటిఫర్_సుబ్బు: పారబోయకపోతే అమ్మేదేనా? నేను ఏరేసి, మంచివే పెంచి తీసుకుపోతే, ‘సగం రేటుకి దొరకతంటే నీదెందుకు’ అంటున్నారు షాపోళ్ళు.

హేచరీ_బాబాయ్: అద్గదీ! పొద్దున్నుంచి నోటి సైజు, డీహెచ్‌ఏ అంటా తిరిగింది ఈ రేటు కోసమా?

రోటిఫర్_సుబ్బు: రేటు కోసమే అనుకో. కొనేవాడు మోసపోతన్నాడా లేదా?

మైపాడు_అల: కుర్రోడు అడిగిందేంది, మీరు కొట్టుకునేదేంది! తమ్ముడూ, మొదటిసారికి బాంగాయి కార్డినల్ చేపల్ని పెట్టుకోవాల్సింది. మగది నోట్లోనే పొదిగి, తయారైన పిల్లల్ని వదుల్తది. అవి మొదటిరోజే నాప్లి తింటాయి.

కావలి_కుర్రోడు: గుడ్లు పెట్టింది క్లౌన్ అక్కా, ఇప్పుడేం చేసేది? సుబ్బన్నా, రోటిఫర్ సీసా పంపగలవా?

రోటిఫర్_సుబ్బు: ఒంగోలు రా, ఊరకే ఇస్తా. బాబాయ్, నేను అమ్మొద్దనలా. మూత పొట్టివి విడిగా పెట్టి, అదే మాట చెప్పి అమ్ము.

హేచరీ_బాబాయ్: నేను చెప్తా, షాపోడు చెప్తాడా? వాడిచేత చెప్పించు, మంచివి నీ రేటుకే ఇస్తా.