మధుపంబు ‘వోవునే’నా, ‘బోవునే’నా?

ప్రొద్దుటూరు తమ్ముడు: మా బావ అమెరికా నుంచి బ్లెండెడ్ రై విస్కీ తెచ్చినాడు, ఓక్ పీపాల్లో మాగినాక చివర్లో కొన్నాళ్లు వైన్ పట్టిన పీపాల్లో ఉంచిన రకం. మొదటి గుక్కకు మిరియాల ఘాటు, అది దిగినాక ఎండుద్రాక్ష తీపి, ఆఖర్న కాస్త వగరు. ఆ రుచి రాసిపెడదామని కూర్చుంటే పోతన పద్యమే నోట్లో తిరుగుతోంది. ‘మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు...’ తర్వాత వోవునేనా, బోవునేనా? ‘మదనములు’ అంటే ఉమ్మెత్తలేనా?

కర్నూలు మాస్టారు: వోవునే. కింది పాదాలు చూడు నాయనా, రాయంచ సనునె, కోయిల సేరునే. ప్రథమా విభక్తి మీది పరుషాలకు, అంటే క చ ట త ప లకు, గ స డ ద వ లు వస్తాయి. ‘బ’ రావాలంటే ముందు ద్రుతం, అంటే నకారం, ఉండాలి, మధుపంబులో అదెక్కడుంది?

అనంతపురం అక్క: సూత్రంలో ‘బహుళంబుగా’ అని కూడా ఉంది మాస్టారూ, పోవునే అన్నా తప్పు కాదు. గణం ఎటైనా ఒకటే, యతి మ-మ కుదిరింది, కాబట్టి ఛందస్సు తేల్చదు. నా అనుమానమంతా మదనం మీదే. దానికి మైనం అనే అర్థమూ ఉంది. తేనె దొరికిన తుమ్మెదకు మైనంతో పనేముంది?

కర్నూలు మాస్టారు: రసాలానికి ఎదురు కుటజం, అంటే మామిడికి కొడిసె. చెట్టుకు చెట్టు పెట్టిన కవి మందారానికి మైనం పెడతాడా అమ్మా?

ఒంటిమిట్ట అన్న: ఆ మందారం పెరట్లోది కాదు, దేవలోకపు చెట్టు. అయినా మా ఏకశిలానగరంలో కూర్చుని రాసిన పద్యమిది, ఇక్కడ పిల్లలకు కూడా నోటికొచ్చు.

కర్నూలు మాస్టారు: ఏకశిలానగరమంటే ఓరుగల్లు అన్నా. ఇంటిపేరే బమ్మెర, అది ఓరుగల్లు ప్రాంతపు ఊరు.

ఒంటిమిట్ట అన్న: ఇంటిపేరు ఊరు మారినా వెంట వస్తుంది మాస్టారూ.

కడప చెల్లి: తమ్ముడు చెప్పిన ఘాటు రై ధాన్యానిది. అమెరికాలో రై విస్కీ అనాలంటే పులియబెట్టే ధాన్యంలో కనీసం 51 శాతం అదే ఉండాలి. వగరు ఓక్ చెక్కది, ఎండుద్రాక్ష చెక్కలో ఇంకిన వైన్‌ది. పద్యం దీనికి దూరమేమీ కాదు. మధువంటే తేనె, మద్యం రెండూ. సీసం చివర వచ్చే ఎత్తుగీతిలో ‘పానవిశేష మత్తచిత్త’ అన్నాడు పోతన. మత్త, మదన ఒకే ధాతువు. ఉమ్మెత్తకు సంస్కృతంలో పేరు ఉన్మత్త. ఒక మత్తు మరిగినవాడు ఇంకో మత్తుకు పోడనే కదా చెప్తున్నాడు! ఉమ్మెత్తే, నాకు సందేహం లేదు.

అనంతపురం అక్క: మరి పద్యంలోని తరంగిణులకు (ఏర్లకు), నీహారాలకు (మంచుకు) ఏ మత్తుంది చెల్లీ? ఒక్క పాదానికే అతికే సిద్ధాంతం నేనొప్పుకోను. మైనమే.