పొణికి బొమ్మల మీద పిల్లల రంగులు నిలవట్లేదు, ఏం చేయాలి?

విజయవాడలో మా మేడ మీద ఆదివారాలు ఆరేడేళ్ల పిల్లలకు బొమ్మలకు రంగులేయడం నేర్పుతున్నాను. ఈసారి కొండపల్లి నుంచి రంగు వేయని తెల్ల పొణికి బొమ్మలు తెచ్చాను, తేలికైన కర్ర కదా, చిన్న చేతుల్లో భలే ఒదుగుతాయి. కానీ పోస్టర్ కలర్‌ను కర్ర పీల్చేసుకుంటోంది, కళ్లు, మీసాలు అలుక్కుపోతున్నాయి, ఆరాక కూడా చేతికి అంటుతోంది. ఒక పాప తన ఏనుగు అంబారీ పాడైందని ఏడ్చేసింది, నాకు చాలా బాధేసింది.

అక్కడి కళాకారులు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో భాగాలు అతికి, రంగుకు ముందు సున్నం పూస్తారు. పిల్లల చేతికి సున్నం ఇవ్వలేను. బదులుగా సుద్దపొడిలో ఫెవికాల్ కలిపి పూస్తే పెచ్చులూడుతుందా? పాళ్లు ఎంత? ఘాటు వాసన లేని పైపూత ఏదైనా వాడినవాళ్లు దయచేసి చెప్పండి, వచ్చే ఆదివారానికి ఇంకో పన్నెండు బొమ్మలున్నాయి.