తెలిసి కూడా చెప్పకపోవడం మెంటరింగేనా?

పాత మెంటర్:
మొన్న ఫస్ట్ (FIRST) అనే సంస్థ హైస్కూల్ పిల్లల టీములకు పెట్టే రోబోటిక్స్ పోటీలో మ్యాచ్‌కి పది నిమిషాల ముందు మా రోబోట్ చేయి లేవలేదు. మోటార్ కంట్రోలర్‌కి వెళ్లే కనెక్టర్ వదులైంది. నాకు చూడగానే అర్థమైంది. అయినా చేతులు కట్టుకుని, "కరెంటు ఎక్కడిదాకా వస్తోందో చూడండి" అని మాత్రం అన్నాను. పిల్లలు పట్టుకోలేకపోయారు. రోబోట్ మ్యాచ్ అంతా చేయి దించుకునే ఉంది. తర్వాత ఒక తల్లి నన్ను నిలదీశారు. తప్పు చేశానా?

గేర్‌బాక్స్:
చేశారండీ. ఈ పోటీలో పెద్దలు పిల్లలతో కలిసి పనిచేయకూడదనే నియమమే లేదు. ఇంజనీరు పక్కన నిలబడి, ఆయన ఎలా ఆలోచిస్తాడో చూడటమే ఇక్కడ చదువు. 1996 నుంచి మంచి మెంటర్లకు వుడీ ఫ్లవర్స్ అవార్డు ఇస్తున్నారు, దానికి పేరు పంపేది విద్యార్థులే. నేను క్రింపింగ్ (వైరు చివర కనెక్టర్ నొక్కి బిగించడం) నేర్చుకున్నది మా మెంటర్ చేతులు చూసే.

వెక్స్ నాన్న:
మా అబ్బాయి ఆడే వెక్స్ అనే ఇంకో రోబోటిక్స్ పోటీలో ఇలా కుదరదు. డిజైన్, బిల్డ్, కోడ్ అన్నీ పిల్లలవే కావాలి, పెద్దలు నేర్పడం వరకే. నాకు అదే నయం. కోడ్ నాన్న రాస్తే జడ్జి అడిగే రెండో ప్రశ్నకే పిల్లాడు నీళ్లు నములుతాడు. (నేనూ ఒకసారి కీబోర్డు లాక్కున్నాను, ఒప్పుకుంటున్నా.)

డ్రైవర్ సీటు:
సార్, చివరికి ఆ కనెక్టర్‌ని ఎవరు పట్టుకున్నారు?

పాత మెంటర్:
పక్క పిట్ (టీములు రోబోట్ సరిచేసుకునే చోటు) అమ్మాయి, మ్యాచ్ అయ్యాక. తర్వాతి మ్యాచ్‌లో ఆమె టీమ్ మాకు ప్రత్యర్థి. అందులో మేం గెలిచాం.

డ్రైవర్ సీటు:
మరి ఆ అమ్మాయి చెబితే క్రీడాస్ఫూర్తి, మీరు చెబితే మోసమా? ఎంఐటీ ప్రొఫెసర్ వుడీ ఫ్లవర్స్ "గ్రేషస్ ప్రొఫెషనలిజం" అన్నది ఇలాంటి దాన్నే కదా: గట్టిగా ఆడు, ఎదుటివాడికి సాయం చెయ్యి. ఇందులో లెక్క కూడా ఉంది లెండి. క్వాలిఫికేషన్ (తొలి దశ) మ్యాచ్‌ల్లో మూడేసి టీములు ఒక అలయన్స్‌గా, అంటే ఒకే పక్షాన ఆడతాయి. ఈ మ్యాచ్‌లో ఎదురు నిలిచిన టీమ్ తర్వాతి దాంట్లో మన పక్కనే పడొచ్చు. పైగా ఆరోజు చేయి లేవని రోబోట్‌తో మీ అలయన్స్‌లో మిగతా రెండు టీములూ నష్టపోయాయి. మీరు పాఠం చెప్పింది వాళ్ల మ్యాచ్‌ని పణంగా పెట్టి.

గేర్‌బాక్స్:
ఇది నాకు తట్టలేదు.

వెక్స్ నాన్న:
ఆ అమ్మాయి, వీళ్లూ ఒకే వయసు. తోటివాడు చూపిస్తే "రేపు నేనూ పట్టుకోగలను" అనిపిస్తుంది, మెంటర్ చూపిస్తే "సార్ ఉన్నారులే" అనిపిస్తుంది. తేడా ఉంది.

పాత మెంటర్:
మిగతా రెండు టీముల సంగతి నేను అస్సలు ఆలోచించలేదు. ఇకపై వర్క్‌షాప్‌లో ఎంతసేపైనా నోరు మూసుకుంటాను, పిట్‌లో మాత్రం చెబుతాను, స్క్రూడ్రైవర్ పట్టుకోకుండా. మా పిల్లలు ఇప్పుడు పిట్‌కి రాగానే ప్రతి కనెక్టర్‌నీ లాగి చూస్తున్నారు. ఆ తల్లికి ఇంకా ఫోన్ చేయలేదు.